ముత్తన్న వెంట మేక నీడ

కువైట్ ఎడారిలోని కబ్ద్‌లో తెల్లారిందంటే మేకలు అరిచినట్టే. ముత్తన్న లేచి నీళ్ల తొట్టి నింపేవాడు, పెంట ఊడ్చేవాడు. ఊడ్చినప్పుడల్లా ఎండిన పెంట పొడి లేచి, దొడ్డి గోడకే ఆనించి కట్టిన రేకుల గదిలోకి పోయి పక్కబట్టల మీద పడేది. ఆలోగా తోటి పనివాడు గురప్ప పాలు పితికి, నురగ తగ్గకముందే చెరో గిన్నె పోసేవాడు. కాచితే పాలలో బర్కత్, దేవుడి దీవెన, పోతుందని కఫీల్ మాట; వీళ్లకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని అతనే. అక్కడ ఉండనిచ్చే కార్డు ఇఖామా. గురప్ప ఇఖామాలో వంటవాడని ఉంది, ముత్తన్న ఇఖామాలో డ్రైవరని ఉంది. ఆ వంటవాడు పాలైనా కాచి ఎరగడు. ఈ డ్రైవరు బండి తాళమైనా ముట్టి ఎరగడు.

చలికాలం చివర్లో చెవి తెగిన మేకొకటి నెలలు నిండకముందే ఈసుకుపోయింది. ముత్తన్న ఉత్త చేతులతోనే చచ్చిన పిల్లను లాగి, మాయను నీళ్ల ట్యాంకు వెనక పారేశాడు. మూడోనాడు మేకా చచ్చింది. దాని నీడ మాత్రం చావలేదు. తెగిన చెవితో సహా ముత్తన్న ఎటు పోతే అటు నేల మీద నడిచింది.

"ఏమప్పా, కొత్త సావాసమా?" అన్నాడు గురప్ప. "ఉండనీలే. మేత అడగదు గదా."

తర్వాత జ్వరం పట్టుకుంది. పొద్దు వాలేసరికి ఒళ్లంతా చెమట, నడుం విరిగినట్టు నొప్పి. రెండుసార్లు అర్దియా దిక్కు దవాఖానకు పోయాడు. ఏం పని చేస్తావని అడిగారు. ఇఖామాలో లేనిది చెబితే పట్టుకుని పంపేస్తారని భయం. డ్రైవర్నన్నాడు. కూర్చుని కూర్చుని నడుం పట్టి ఉంటుందని నొప్పి బిళ్లలిచ్చారు.

"ఈసారీ ఏం లేదంటే ఖలాస్, ఇంటికి పో" అన్నాడు కఫీల్.

ఆ సంగతి విని జగిత్యాల దగ్గర ఊళ్లో భార్య గంగక్క ఫోన్‌లో ఏడ్చింది. ముత్తన్నకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని తొట్టి నిండే చప్పుడు వింటూ ఉండిపోయాడు.

మూడోసారి బస్సెక్కితే, నీడను తొక్కకుండా జనం కాళ్లు ముడుచుకున్నారు.

ఆ రోజు నర్సు సైరా, రాయచోటి మనిషి.

"ఏం పనన్నా?"

"డ్రైవర్ను సిస్టర్."

సైరా కుర్చీ కిందికి చూసింది. నీడ కాళ్లు ముడుచుకుని నెమరేస్తోంది.

"డ్రైవర్ వెంట మేకేందన్నా?"

ముత్తన్న మడమతో నీడను వెనక్కి నెట్టబోయాడు.

"నేను పోలీసును గాదు. నీ ఇఖామా నాకెందుకు? పచ్చిపాలు తాగుతాండావా?"

"రోజు తాగుత."

"ఈసుకుపోయిన మేకను ముట్టినావా?"

ముత్తన్న తన చేతులకేసి చూసుకున్నాడు. "ముట్టిన."

సైరా చీటీ మీద 'డ్రైవర్' కొట్టేసి, రక్తం తీసింది.

నాలుగు రోజులకు తేలింది. మేకల నుంచి మనుషులకొచ్చే మాల్టా జ్వరం. ఆరు వారాల మందులు, ఒక్క పూటా మానొద్దన్నారు. కాగితం చూశాక కఫీల్ ఇంటి మాటెత్తలేదు. పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు.

ముత్తన్న మందుల సంచితో దొడ్డికి వచ్చేసరికి గురప్ప గిన్నె నోటి దాకా ఎత్తి ఉన్నాడు. నీడ ముత్తన్న కాళ్ల దగ్గర్నుంచి మెల్లగా కదిలి, గురప్ప పాదాల మీద పడుకుంది.

గురప్ప గిన్నె దించాడు. ఆ తెగిన చెవిని చాలాసేపు చూశాడు.

"నాగ్గూడా వారమాయె, సాయంత్రమైతే చెమట్లు పడతాండాయి" అన్నాడు. "బస్సు ఎన్నింటికప్పా?"

"ఏడింటికి."

ముత్తన్న అతని చేతిలోంచి గిన్నె తీసుకుని పొయ్యి మీద పెట్టాడు.

"ఆడ మాత్రం వంటోన్నని చెప్పకు."