పదమూడో అయస్కాంతం

గోవిందు అండమాన్‌లో వండూర్ జెట్టీ దగ్గర బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు. పగడాలు చూడ్డానికి టూరిస్టులు ఎక్కే బోట్లన్నిటి వైరింగూ అతని చేతి మీదే నడుస్తుంది. మూడేళ్ల క్రితం దాకా అతని పని వేరు. మెయిన్‌ల్యాండ్‌లో ఒక యాక్సిలరేటర్ కేంద్రంలో ఇరవై రెండేళ్లు టెక్నీషియన్‌గా చేశాడు. ఇంకా సర్వీసు ఉండగానే రిటైర్మెంట్ తీసుకుని వచ్చేశాడు. ఎందుకొచ్చేశావని ఎవరైనా అడిగితే, సముద్రం లేనిచోట ఎన్నాళ్లని ఉంటాం అనేవాడు. విన్నవాళ్లు నమ్మేవాళ్లు.

జూలై మొదట్లో ఒక మధ్యాహ్నం రంగత్ నుంచి చెల్లెలు బేబీరాణి ఫోన్ చేసింది.

"అన్నా, సుష్మకి నర్సింగులో సీటొచ్చీసింది. పోర్ట్ బ్లెయిర్‌లోనే. ఇరవయ్యో తారీకులోగా చేరాలి."

"నర్సింగేటే? ఫిజిక్స్ సదువుతానంది కదా? పోయినేడు వొచ్చినప్పుడు నా బుర్ర తినీసింది, ఆ మెషీన్లో కరెంటు ఎలా తిరుగుతాది మామా అని."

"అంది. దాని టీచరే వద్దన్నాది. ఆ మేడమ్ కూడా మెయిన్‌ల్యాండ్‌లో అలాటి మెషీన్ల కాడ చేసొచ్చిందంట. మన లెక్క మనకి కరెక్టే అనిపిస్తాది, ఎక్కడ తప్పిపోతాదో మనకే తెలీదు, చేతిలో పని ఉండే చదువు చదువుకో అందంట. మంచికే కదా చెప్పింది."

"ఏ మేడమ్?"

"కళ్యాణి మేడమ్. ఫిజిక్స్ చెప్తాది కదా, ఆవిడే."

గోవిందు ఫోన్ పెట్టేశాక స్పానర్ చేతిలో పట్టుకుని చాలాసేపు బోటు అంచు మీదే కూర్చున్నాడు. బోటు వాసుదేవ్‌ది. అతను వచ్చి, "క్యా హువా భయ్యా, తబియత్ బాగోలేదా?" అని అడిగితే, ఎండ అన్నాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

కళ్యాణి అతనికి తెలుసు.

తొమ్మిదేళ్ల క్రితం ఆ కేంద్రం క్యాంటీన్లో వెనక టేబుల్ దగ్గర ఒకమ్మాయి ఫోన్లో మాట్లాడుతోంది. సగం తెలుగు, సగం హిందీ, ఆ హిందీలో ద్వీపం యాస. గోవిందు ప్లేటు పట్టుకుని లేచి వెళ్లి, "మీరు అండమాన్ వాళ్లా?" అని అడిగాడు. ఆ అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. "రంగత్ భయ్యా! మీరు?" అంది. అప్పట్నుంచి అతను ఆమెకి గోవిందు భయ్యా. ఆమె మూడేళ్ల కాంట్రాక్టు మీద వచ్చిన సైంటిస్టు. చేపలు పట్టుకునే వాళ్లింట్లోంచి వచ్చిన ద్వీపం పిల్ల ఇంత దూరం వచ్చిందని అతను కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఎలక్ట్రాన్ల ధారని సన్నటి గొట్టంలో గుండ్రంగా తిప్పే యంత్రం అది. ఆ ధారని అక్కడ బీమ్ అంటారు. బీమ్ ఎంత సన్నగా ఉంటే అంత మేలు. రెండు బీమ్‌లని ఎదురెదురుగా పంపి ఢీకొట్టించే పెద్ద యంత్రాల్లో బీమ్ లావెక్కితే కణాలు ఒకదానికొకటి తగలకుండా పక్కనుంచి వెళ్లిపోతాయి, అంత కరెంటూ అంత కష్టమూ వృథా. అలాంటి యంత్రాలకి పనికొచ్చే పద్ధతుల్ని ఈ చిన్న రింగులో ముందు చేసి చూసేవాళ్లు. కళ్యాణి చేసిందీ అలాంటి పనే. బీమ్ అటూ ఇటూ ఊగే ఊపు కొంత పైకీ కిందికీ పాకుతోందనీ, అందుకే లావెక్కుతోందనీ కనిపెట్టింది. రింగు చుట్టూ పదహారు చిన్న అయస్కాంతాలు పెట్టి, ఒక్కోదానికి ఎంత కరెంటు ఇవ్వాలో లెక్కగట్టింది. ఆ లెక్క కోసం రెండేళ్లు పట్టింది ఆమెకి.

ఆ పదహారింటికీ కేబుళ్లు కలిపింది గోవిందు.

కలిపాక ఒక్కోదాంట్లో కొద్దిగా కరెంటు పంపి, కొలిచే ప్రోబ్ పెట్టి, అయస్కాంతం దిశ సరిగా ఉందో లేదో చూడాలి. చూసి, షీటు మీద టిక్కు పెట్టి, కింద సంతకం చెయ్యాలి. అతను పదకొండు చూశాడు. అప్పటికి నాలుగు దాటింది. ఆరింటికి వైజాగ్ రైలు. వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి షిప్పు నెలకి ఒకటే. అది తప్పితే అమ్మ సంవత్సరీకానికి అందుకోలేడు. ఇరవై ఏళ్లలో అతని చేతిలో ఒక్క కనెక్షన్ తప్పింది లేదు. మిగిలిన అయిదింటికీ టిక్కులు పెట్టి, సంతకం చేసి, సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు.

అతను సెలవు నుంచి తిరిగి వచ్చేసరికి రింగు వాడుకోడానికి కళ్యాణికి ఇచ్చిన మూడు షిఫ్టుల్లో రెండు అయిపోయాయి. బీమ్ సన్నబడలేదు సరికదా, ముందుకన్నా లావెక్కింది.

మూడో షిఫ్టు రోజు ఉదయం ఆమె అతని దగ్గరికి వచ్చింది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. "భయ్యా, ఒకటేదైనా ఉల్టా కలిసుంటుందా? తప్పు పట్టడం కాదు, ఊరికే అడుగుతున్నా."

చూస్తానమ్మా అంటే సరిపోయేది. షిఫ్టు ఒక గంట ఆగేది, అంతే. కానీ చూస్తానంటే, ముందు చూడలేదా అని అడుగుతారు. "నా చేత్తో చూశాను తల్లీ, పదహారూ," అన్నాడు.

మూడో షిఫ్టూ అలాగే పోయింది. ఆ సాయంత్రం మీటింగులో కళ్యాణి ఇంకొక్క షిఫ్టు అడిగింది, అయస్కాంతాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటానంది. గ్రూపు పెద్ద ఉమేష్ గారు ఆ షీటు తీసి బల్ల మీద పెట్టారు. "గోవిందు సంతకం ఉంది. ఈ బిల్డింగులో గోవిందు సంతకం మీద ఇంకో పరీక్ష ఎప్పుడూ జరగలేదు. మీరు మీ లెక్క చూసుకోండి," అన్నారు. గోవిందు గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్యాణి అతని వైపు చూడను కూడా లేదు. ఆ సంతకం చూశాక అతని మాట ఆమె నమ్మేసింది.

కాంట్రాక్టు పొడిగించలేదు. ఆమె వెళ్లిపోయే రోజు స్టేషన్‌కి వెళ్లి బ్యాగు ఎక్కించి వచ్చింది కూడా గోవిందే.

అయిదు నెలలకి రింగు ఆపి సర్వీసింగ్ చేస్తున్నప్పుడు పదమూడో అయస్కాంతం దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. ఎర్ర కేబుల్ ఉండాల్సినచోట నల్లది ఉంది. రెండు బోల్టులు విప్పి మార్చి బిగించడానికి అయిదు నిమిషాలు పట్టింది. లాగ్‌బుక్ పక్కనే ఉంది. పెన్ను జేబులోనే ఉంది. రాయలేదు.

తర్వాత రెండు నెలలకి ఉమేష్ గారు అదే పద్ధతిని కాస్త మార్చి మళ్లీ చేయించారు. మొదటి షిఫ్టులోనే బీమ్ సన్నబడింది. తెర మీద బీమ్ తాలూకు చుక్క దారప్పోగులా మారుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. పేడాలు పంచారు, అతనూ తిన్నాడు. దాని మీద అచ్చయిన పేపర్లో కళ్యాణి పేరు ఎక్కడా లేదు. చివర్లో కృతజ్ఞతల దగ్గర గోవిందు పేరు ఉంది. పొరపాటు లేని పనితనానికి అని రాశారు.

అప్పుడైనా ఆమెకి ఫోన్ చెయ్యాల్సింది. నంబరు ఉంది. ఇవాళ రేపు అనుకుంటూనే అయిదేళ్లు గడిపాడు. ఆ రింగు పక్కన నడవడం కష్టమయ్యాక ఉద్యోగం మానేసి వచ్చాడు. ఇక్కడికి వచ్చాక కళ్యాణి ఊరు రంగత్ ఎంతో దూరం కాదు. అయినా ఆమె ఎదురుపడుతుందేమోనని చెల్లెలింటికి వెళ్లడం తగ్గించాడు.

బేబీరాణి ఫోన్ వచ్చాక కూడా అంతే. రేపు వెళ్దాం అనుకుంటే వాన, ఎల్లుండి అనుకుంటే బోటు పని. ఇరవయ్యో తారీకు దాటింది. సుష్మ నర్సింగులో చేరిపోయింది. ఇరవై ఎనిమిదిన అతను రంగత్ బస్సెక్కాడు.

జిర్కటాంగ్ దగ్గర, బండ్లన్నిటినీ కలిపి అడవి దాటించే కాన్వాయ్ కోసం ఆగినప్పుడు దిగి వెనక్కి వెళ్లిపోదామనిపించింది. మిడిల్ స్ట్రెయిట్లో బస్సుని ఫెర్రీ ఎక్కించినప్పుడూ అనిపించింది. అప్పటికి తిరిగి వెళ్లే బస్సు లేదు.

స్కూలు వదిలే వేళకి చేరాడు. ఫిజిక్స్ ల్యాబులో కళ్యాణి లెన్సులు తుడిచి పెట్టెలో సర్దుతోంది. అక్కడక్కడా జుట్టు నెరిసింది. గుమ్మంలో అతన్ని చూసి ఒక్క క్షణం ఆగి, "అరే! గోవిందు భయ్యా!" అంటూ ఎదురొచ్చింది. స్టూలు లాగి వేసింది. ప్యూన్‌ని పిలిచి చాయ్ తెప్పించింది. సుష్మ మేనకోడలని తెలిసి, "అరే, ముందే చెప్పుంటే ఇంకా బాగా చూసుకునేదాన్ని," అని నవ్వింది. "అక్కడందరూ నా మీద నవ్వుకున్నప్పుడు నవ్వనివాళ్లు మీరొక్కరే భయ్యా," అంది.

అతను చాయ్ ముట్టుకోలేదు.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి. చెప్పేదాకా ఏటీ అడక్కు," అన్నాడు. మొత్తం చెప్పాడు. రైలూ, టిక్కులూ, మీటింగూ, లాగ్‌బుక్కూ, పేడా. ఏదీ దాచలేదు.

ఆమె వింటూ చేతిలో లెన్సుని ఇంకా తుడుస్తూనే ఉంది. అంతా అయ్యాక, "ఎన్నోది?" అని అడిగింది.

"పదమూడు."

ఆమె బల్ల మీదున్న ప్రాక్టికల్ రికార్డు ఒకటి తిప్పి వెనక పేజీ మీద లెక్క మొదలుపెట్టింది. అంకెలన్నీ ఆమెకి నోటికే ఉన్నాయి. అతను చూస్తూ కూర్చున్నాడు. పది నిమిషాలకి పెన్ను ఆగింది.

"ఆ రోజు కొలిస్తే బీమ్ అనుకున్నదానికి రెండున్నర రెట్లు లావుంది," అంది. "పదమూడోది ఉల్టా పెట్టి చేస్తే ఎంతొచ్చిందో చూడండి. రెండు పాయింట్ నాలుగు." కాగితం అతని వైపు తిప్పింది. "నా లెక్క తప్పు కాదు భయ్యా."

"కాదమ్మా."

"పిల్లల మార్కులు కూడినా మూడుసార్లు కూడతాను, మీకు తెలుసా? పక్క టీచర్‌కిచ్చి నాలుగోసారి కూడమంటాను. ఉద్యోగం పోయినందుకు కాదు. నా బుర్రలోనే ఏదో లోపం ఉందని, అది నాకే కనిపించడం లేదని అనుకుంటూ బతికాను. మీరు ఆ పేడా తిన్న రోజు ఒక్క ఫోన్ చేసుంటే నేను మళ్లీ అప్లై చేసుండేదాన్ని. అప్పటికి నాకు ముప్పై నిండలేదు."

గోవిందు చేతులు జోడించాడు. "మాఫ్ కర్ దో అమ్మా."

"అదొద్దు," అంది కళ్యాణి. కిటికీ వైపు తిరిగింది. గ్రౌండులో పిల్లలు బస్సు కోసం వరసలో నిలబడి ఉన్నారు. "సుష్మకి వద్దని చెప్పాను. ఆ పిల్ల బోర్డు మీద నా కన్నా ముందు లెక్క తేల్చేసేది. అలాంటి పిల్లకి, నీ లెక్కని నువ్వు నమ్మకు అని చెప్పాను. ఒక్క దానికే కాదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉన్నాను." మళ్లీ ఇటు తిరిగి, "అది మీ మీద తోసెయ్యలేను. నా నోటితో నేనే చెప్పాను," అంది.

వెళ్లమన్నట్టుగా ఆమె లెన్సుల పెట్టె మూసింది. గుమ్మం దాకా వచ్చి మాత్రం, "కేంద్రానికి రాయండి. మీ సంతకంతో," అంది.

రాశాడు. తెలుగులో మాట్లాడ్డమే గాని రాయడం అంతంతమాత్రం, హిందీలో నాలుగు పేజీలు రాశాడు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. అక్టోబర్లో జవాబు వచ్చింది. రికార్డుల ప్రకారం పదహారు అయస్కాంతాలూ పరీక్షించబడినట్టు సంతకం ఉంది, తర్వాత ఏ మార్పూ జరిగినట్టు లాగ్‌బుక్‌లో నమోదు లేదు, కాబట్టి ఈ విషయంలో చెయ్యదగ్గది ఏమీ లేదు. అతని సంతకం అతని మాట కన్నా బలంగా ఉంది అక్కడ.

ఫోన్లో చదివి వినిపిస్తే కళ్యాణి చివరిదాకా విన్నది. "సరే. రాసినందుకు థ్యాంక్స్," అంది. ఇంకొకటి రాస్తాను, ఉమేష్ గారికే నేరుగా రాస్తాను అని అతను ఆత్రంగా చెప్పబోయాడు. "రాయాలనుంటే రాయండి. నాకు చెప్పక్కర్లేదు. మీ మీద కోపం లేదని చెప్పలేను, అబద్ధం అవుతుంది. ఇక ఫోన్ చెయ్యకండి," అని పెట్టేసింది.

ఆ ఆదివారం గోవిందు పోర్ట్ బ్లెయిర్‌లో నర్సింగ్ హాస్టల్‌కి వెళ్లాడు. సుష్మ యూనిఫాంలో గేటు దగ్గరికి వచ్చింది. పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి ఆమెకీ అంతా చెప్పాడు. ఆ పిల్ల మధ్యలో ఒక్కసారి మాత్రం, "అంటే మేడమ్ ఫెయిలవలేదా?" అని అడిగింది.

"అవలేదు. నువ్వూ అవ్వవు. కావాలంటే వచ్చే ఏడు మారిపో. మీ అమ్మతో నేను మాట్లాడతాను."

సుష్మ తల అడ్డంగా ఊపింది. "లేదు మామా. ఇక్కడ బాగానే ఉంది. అలవాటయిపోయింది." కాసేపు చేతి గోళ్లు చూసుకుంది. "మేడమ్‌ది ముందే తెలిసుంటే... ఏమో."

"అవును," అన్నాడు గోవిందు.

"నీకు తెలిసినరోజే ఎందుకు చెప్పలేదు మామా?"

నిందగా అడగలేదు ఆ పిల్ల. తెలుసుకోవాలని అడిగింది. రైలు సంగతి చెప్పొచ్చు, అమ్మ సంవత్సరీకం సంగతి చెప్పొచ్చు. కానీ అవి టిక్కులు పెట్టిన రోజుకి జవాబు. ఆ పిల్ల అడిగింది కేబుల్ మార్చిన రోజు గురించి. ఆ రోజు రైలేదీ లేదు, తొందరా లేదు.

"మంచి పనివాడంటారు కదా అందరూ," అన్నాడు చివరికి. "ఆ మాట పోగొట్టుకోలేకపోయాను."

లోపల్నుంచి ఎవరో పిలిస్తే సుష్మ లేచి, అతను తెచ్చిన ఎండుచేపల పొట్లం అందుకుని, "భోంచేసి వెళ్లు మామా, వానొచ్చేలా ఉంది," అని చెప్పి వెళ్లింది. అతను భోంచెయ్యలేదు. బస్టాండుకి నడిచి వండూర్ బస్సు కోసం నిలబడ్డాడు.