మాస్టారి జవాబులు

"నా వేళ్లు లావు, ఒకటి నొక్కితే రెండు అక్షరాలు పడతాయి. నువ్వు కొట్టవే," అంటూ, ఉల్లిపాయలు ఏరుతున్న ఆమె ఒళ్లోకి భర్త ఫోన్ విసిరాడు.

మూడేళ్లుగా ఇదే వరస. నాలుగువేలమంది రైతులున్న ఫోన్ గ్రూపులో ఆయన్ని ఉల్లి మాస్టారు అంటారు. ఎప్పుడు తవ్వాలి, ఎవరికి అమ్మాలి, ఏది ముందు వదిలించుకోవాలి అని ఎవరడిగినా జవాబు ఆమెది, దండాలు ఆయనవి. ఆ దండాలు చదివి వినిపించేదీ ఆమే. ఒకసారి తన పేరుతో తనూ చేరతానంటే అత్తగారు మూతి మూడు వంకర్లు తిప్పింది. "మగాడు ఫోన్ పడితే వ్యాపారం, ఆడది పడితే వయ్యారం!" ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా ఆమె పంటికింద రాయిలా ఉంది.

ఇవాళ అడిగింది ఒక ఆడమనిషి. ఫొటో కూడా పెట్టింది. "మాస్టారూ, ఇంట్లో మగదిక్కు లేదు. ఉన్న పంటంతా ఇదే. ఇప్పుడే అమ్మేయనా, గోడౌన్‌లో పెట్టనా? మీరెలాగంటే అలాగే."

ఆమె ఫొటోని పెద్దది చేసి చూసింది. పాయల మెడలు లావుగా, పచ్చిగా ఉన్నాయి. అలాంటివి నిల్వకు ఆగవు, నెల తిరక్కుండా కుళ్లి నీరవుతాయి.

"వెంటనే అమ్మెయ్యమని కొడుతున్నా," అంది.

"ఆగాగు. గోడౌన్‌లో పెట్టమను," అన్నాడాయన గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ. "నాలుగు బేరాలు తెస్తే బోర్డు మీద నా బొమ్మ వేయిస్తానన్నాడు దాని ఓనరు."

"కుళ్లిపోతాయండీ."

"కుళ్లితే వాతావరణం అందాం. చెప్పింది కొట్టు. బుర్ర నాది, వేళ్లు నీవి."

ఆమెకు అక్క గుర్తొచ్చింది. ఇలాగే ఎవరో పెద్దమనిషి మాట నమ్మి బావ పచ్చిపాయలు నిల్వపెట్టాడు. ఆ కంపు వదలకముందే పొలం చేజారింది. లారీలో మూటల మధ్య కూర్చుని అక్క చెయ్యి ఊపింది. ఎక్కడుందో, అసలుందో లేదో, ఇరవై ఏళ్లుగా కబురు లేదు. ఈనాటికీ ఏ బండి వెళ్లినా ఆ చెయ్యి కోసం చూస్తుంది. ఆ రోజు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నిజం చెప్పుంటే అక్క ఇవాళ పక్కవీధిలో ఉండేది.

ఒళ్లంతా మండిపోయింది. అక్షరాల జోలికి పోకుండా మైకు గుర్తు మీద వేలు నొక్కిపెట్టింది. వేలు ఎత్తితే మాట వెళ్లిపోతుంది. అప్పటిదాకా ఏది వినబడితే అది అందులో పడుతుంది.

"అమ్మా, నేను మాస్టారి భార్యని. ఆ పాయలు నిల్వకు ఆగవు, మెడలు పచ్చిగా ఉన్నాయి. వెంటనే అమ్మేసుకో. ఇన్నాళ్లూ ఇక్కడ జవాబులు రాసింది నేనే."

"ఏయ్! నోరు లేస్తోందేం? నాలుగువేలమందిలో నా పరువు తీస్తావా? చెప్పింది కొట్టడానికి తప్ప దేనికి పనికొస్తావే నువ్వు? పెట్టు ఫోన్!"

ఆయన అరుపు పూర్తిగా అయ్యేదాకా ఆగింది. అప్పుడు ఎత్తింది వేలు.