వాగు కింది బియ్యం

బక్కమ్మ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మూత పెట్టి, మళ్లీ తీసింది.

"ఎన్నిసార్లు సూస్తవత్తా? వాసన సూస్తే బియ్యం మారుతయా?" పొయ్యి దగ్గర నుంచి కోడలు సుమిత్ర అంది.

"మందు వాసనొస్తుందే."

"ఇయ్యాల కొత్తగ వస్తుందా? రెండు పంటల సంది మనం తింటలేమా?"

నిజమే. పటాన్‌చెరు వైపు నుంచి ఫ్యాక్టరీల నీళ్లు వాగులోకి దిగడం మొదలైనప్పటి నుంచి ఊరి మడుల్లో పండిన బియ్యం తీరే మారిపోయింది. పొద్దున వండిన అన్నం సాయంత్రానికి జిగురు తీసేది. తొంభై ఒకటి ఎండాకాలంలో ఎవరో జీపులో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. ఆ సీసాలు ఏమయ్యాయో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. మనవరాలు పొట్ట పట్టుకుని ఏడిస్తే బక్కమ్మ వాము నీళ్లు తాగించి పడుకోబెట్టేది.

ఆమె బెంగంతా డబ్బాలోని బియ్యం మీదే. బాప్తిస్మం తీసుకున్న నాడు సంఘం ముందు మాట ఇచ్చింది, ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం దేవుడి పేర తీసి పెడతానని. ఇరవై రెండేళ్లలో జ్వరాలొచ్చాయి, కరువొచ్చింది, పిడికెడు మాత్రం తప్పలేదు. ఆదివారం గుళ్లో ఆడవాళ్లందరి డబ్బాలూ ఒకే గంపలో ఒంపుతారు. ఆ గంప సంఘ కాపరి అయ్యగారింటికి పోతుంది. వారమంతా ఆయనకూ, ఆయన భార్య అమ్మగారికీ, పాపకూ అదే తిండి.

అయ్యగారి కూతురికి నాలుగేళ్లు. నెల రోజులుగా తిన్నదల్లా కక్కుతోంది. సంగారెడ్డి ఆసుపత్రికి రెండుసార్లు తీసుకుపోయారు. ఆ మాట విన్న తర్వాత పోయిన ఆదివారం బక్కమ్మ డబ్బాలో బియ్యం కోళ్లకు చల్లేసింది. ఖాళీ డబ్బా పట్టుకుపోయి, కొంగు అడ్డం పెట్టుకుని, గంపలో ఒంపినట్టు చేసి వచ్చింది. ఎవరూ చూడలేదు. చూడాల్సినవాడు చూసే ఉంటాడని వారమంతా వణికిపోయింది.

"అమ్మగారికి చెప్తనే," అంది.

సుమిత్ర గరిటె కింద పెట్టింది. "చెప్పి సూడు. మన బియ్యం తింటే రోగమొస్తదని నువ్వు గుళ్లె అంటే, రేపు మిల్లోడు మన వడ్లు ముడ్తడా? ఊరు ఊరంతా నిన్నే తిడ్తది. ఇంకో ముచ్చట గూడ ఇను. బిడ్డకు గీడి తిండి పడ్తలేదని తెలిస్తే అయ్యగారు ఉంటడా? పెట్టె సర్దుతడు."

ఆ చివరి మాట బక్కమ్మ గుండెలో దిగింది. వెనుకటి అయ్యగారు బదిలీ మీద వెళ్లిపోతే నాలుగేళ్లు ఎవరూ రాలేదు. ఆమె మొగుడు మొగులయ్య పోయింది అప్పుడే. సంఘ పెద్ద అంజయ్య గుంత దగ్గర నిలబడి, తనకు గుర్తున్నంత ప్రార్థన చెప్పి, మధ్యలో మరిచిపోయి ఆగిపోయాడు. అందరూ కాసేపు చూసి, మట్టి వేశారు. సగం ప్రార్థనతో సాగనంపిన మనిషి ఎక్కడ ఆగిపోయాడోనని ఇప్పటికీ ఆమెకు దిగులు. రేపు తన గుంత దగ్గర ఎవరుంటారు?

అయినా ఆ బియ్యం డబ్బా పట్టుకుని గుడికి బయలుదేరింది.

"ఏందే బక్కీ, డబ్బాను సంటిపిల్ల లెక్క సంకనేస్కున్నవ్?" అని గుడి ముందు, తన డబ్బాతో వచ్చిన పోశమ్మ నవ్వింది. బక్కమ్మ నవ్వలేదు. పాపను భుజాన వేసుకుని నిలబడ్డ అమ్మగారిని గోడ పక్కకు పిలిచింది.

"అమ్మా, మా బియ్యం పాపకు వెట్టకుండ్రి. అండ్ల మందు నీళ్లున్నయ్. పోయిన వారం నేను గంపల పొయ్యనే లేదు. పోసినట్టు చేసిన."

అమ్మగారు పాపను మరో భుజానికి మార్చుకుంది.

"నాకెరుకే అవ్వా. పాపకు మా అన్న కొండాపూర్ నుంచి తెచ్చిన బియ్యమే వండుతున్న. చెప్తే, మా బియ్యం ఈమె కండ్లకు ఆనలేదంటరని దాచిన."

"మరి కక్కుడు?"

"బోరు నీళ్లు మాత్రం ఏడికెళ్లి వస్తయవ్వా?"

"అయితె... పోతరా మీరు?"

"ఆయన పోనంటుండు. నేనే దినాం కొట్లాడుతున్న."

బక్కమ్మకు అడ్డం పడి బతిమాలుకోవాలనిపించింది. కానీ భుజం మీద ఆ పాప మెడ ఒత్తులాగా సన్నగా ఉంది.

"పోండ్రమ్మా," అంది. "బిడ్డ బతకాలె. మా సంగతి మేం జూస్కుంటం."

అమ్మగారు కళ్లు తుడుచుకుంది.

"మరి నీ మనవరాలు ఏడికి పోతదవ్వా?"

లోపల కీర్తన మొదలైంది.

కానుకల వేళ ఆడవాళ్లు వరసగా లేచారు. బక్కమ్మ గంప ముందుకొచ్చి ఆగిపోయింది.

"ఒంపు బక్కవ్వా, ఎన్క మందున్నరు," అన్నాడు అంజయ్య.

"ఒంప."

ఆమె డబ్బా మూత తీసి అందరికీ చూపింది. "గీ బియ్యం తినరానియి. ఇంతకన్న మంచియి నా ఇంట్ల లెవ్వు. దేవునికి వెట్టరానియి నా మనవరాలికి వెట్టిన."

"గుళ్లె ఏం మాటలియి?" అని మగవాళ్ల వైపు నుంచి ఎవరో లేచారు. వరసలో వెనుక ఉన్న సుమిత్ర ముందుకు నడిచింది. చెయ్యి పట్టి బయటికి లాక్కుపోతుందనుకుని బక్కమ్మ కళ్లు మూసుకుంది.

"మా అత్త అబద్ధం ఆడుతలేదు," అంది సుమిత్ర. "రాత్రి నా బిడ్డ గూడ కక్కింది. ఈమె పరేషాన్ అయితదని చెప్పలే."

పోశమ్మ తన డబ్బా వైపు చూసుకుంది. ఒంపలేదు. ఆమె వెనుక ఇంకెవరూ ఒంపలేదు. బక్కమ్మ అయ్యగారి ముఖంలో వెతికింది, ఉంటాడా, పోతాడా అని. ఏమీ అంతుపట్టలేదు. ఆయన చేతిలోని పుస్తకం మూసి, గంప పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఆరాధన ఆపుదాం," అన్నాడు. "ఎవ్వరి ఇంట్ల ఎంతమంది పిల్లలు కక్కుతుండ్రో ముందుగాల చెప్పుండ్రి. రేపు సంగారెడ్డి పోయి కలెక్టరాఫీసుల అడుగుదాం."

రేపటి సంగతి ఆయన చెప్పాడు. ఎల్లుండి ఏమంటాడో? మిల్లువాడేమంటాడో? బక్కమ్మ చాప మీద కోడలి పక్కన కూలబడింది. తలుపు వైపు చూసింది. ఇంకా ఎవరూ లేచి వెళ్లలేదు.