కొంగున కట్టిన ఇసుక

పొద్దున బడి గేటు తీయగానే వాచ్‌మన్ తాత ఇసుక జల్లించేవాడు. రాళ్ళూ రప్పలూ ఏరేసి, మెత్తటి ఇసుక బకెట్లో పోసుకుని, స్టూలు మీద కూర్చునేవాడు. పిల్లలు వరసగా వస్తే ఒక్కొక్కళ్ళ గౌను అంచులోనో నిక్కరు జేబులోనో గరిటెడు పోసి, మూతి కట్టి, వీపు మీద చరిచి లోపలికి పంపేవాడు. పిరికి పిల్లలకి రెండు గరిటెలు. లెక్కల పరీక్ష ఉంటే ధైర్యస్థులకి కూడా రెండు.

ఆ ఊళ్ళో పిల్లలకి భయం వేస్తే కాళ్ళు నేల మీద ఆనవు. కుక్క మొరిగితే జానెడు లేస్తారు, మాస్టారు గొంతు పెంచితే మూరెడు, ఇంట్లో పెద్దవాళ్ళు పోట్లాడుకుంటే ఏకంగా కప్పు దాకా. తలలు బొప్పి కట్టకుండా తరగతి గదుల్లో పైకప్పుకి పాత బొంతలు కొట్టి ఉంచారు. ప్రతి పిల్ల కాలరు వెనకాలా గట్టి గుడ్డతో ఓ ఉచ్చు కుట్టి ఉండేది. ఎవరైనా లేచిపోతే తాత దోటీ పట్టుకొచ్చి, ఆ ఉచ్చుకి కొక్కెం తగిలించి, కాయ కోసినట్టు దించేవాడు. దాని కోసం పాఠం ఆగేది కాదు.

చిట్టి ఆ పరాయి దేశపు ఊరికి వెళ్ళింది పాఠాలు చెప్పడానికి కాదు. వేసవి సెలవుల్లో అక్క దగ్గర కొన్నాళ్ళు ఉండి రావడానికి. వేసవిలో ఆ బడి పిల్లలకి ఇంగ్లీషు చెప్పే పని అక్కది. చెల్లెలు విమానం దిగేసరికి అక్క బాత్రూములో జారిపడి, కాలికి కట్టుతో మంచం మీదుంది.

"సమయానికి ఊడిపడ్డావే తల్లీ. రేపట్నుంచి నా క్లాసు నీదే."

"నా వల్ల కాదక్కా."

"అదేమిటి? అక్కడ నువ్వు చేసేదీ టీచరుద్యోగమేగా!"

"ఒకటో క్లాసు. పలకలు దిద్దించుకుంటూ కూర్చుంటాను. నిలబడి మాట్లాడాలంటే నాకు నోరు పెగలదని నీకు తెలుసుగా."

గుమ్మంలో నిలబడ్డ బావ నవ్వాడు. "బల్లి పడితే పక్కింటికి పరిగెత్తే మనిషివి, అసలు విమానం ఎలా ఎక్కావమ్మా?"

"కళ్ళు మూసుకుని బావా."

అది హాస్యానికి అన్న మాట కాదు. చిట్టికి భయం ఎప్పుడూ ఒంట్లోనే ఉండేది. చిన్నప్పుడు స్టేజీ మీద పద్యం మధ్యలో ఆగిపోయి, కింద అంతమంది తననే చూస్తుంటే నిలబడిపోయిన ఆ కాసేపూ ఇప్పటికీ గడవలేదు ఆమెకి. పై క్లాసులు తీసుకోమని హెడ్మాస్టరు ఏటా అడుగుతాడు, ఈమె ఏటా జ్వరం తెచ్చుకుంటుంది. ఇంటి సంగతులన్నీ అన్నయ్యా వదినా చూసుకుంటారు. ఆమె మీద ఎవరూ ఏ పనీ పెట్టరు.

మొదటిరోజు క్లాసులో నల్లబల్ల ముందు నిలబడి గుడ్ మార్నింగ్ అనబోయింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కిందికి చూసుకుంటే చెప్పులు నేల మీదే ఉన్నాయి, పాదాలు లేవు. పైప్రాణాలు పైనే పోయాయి ఆమెకి. పిల్లలు మాత్రం నవ్వలేదు. ఇసుక సరిగ్గా ఉందో లేదోనని ఎవరి అంచులు వాళ్ళు తడిమి చూసుకున్నారు.

తలుపు దగ్గర్నుంచి పెద్ద టీచరు చూసి తాతని పిలిచింది. తాత వచ్చి చిట్టి కొంగు చివర నాలుగు గరిటెలు పోసి, గట్టిగా ముడివేసి వెళ్ళిపోయాడు.

"ఇక్కడ పెద్దవాళ్ళెవరూ లేవరా అండీ?" చిట్టి సిగ్గుతో ఇంగ్లీషులో అడిగింది.

"మాకు భయాల్లేక కాదమ్మా, బరువులెక్కువ," అంది పెద్ద టీచరు, అప్పుడే కొట్టుకుంటున్న ముగ్గురిని విడదీయడానికి వెళుతూ.

సాయంత్రం అక్క అడిగిన మొదటి మాట, "ఎన్ని గరిటెలు?"

"నాలుగు."

"నీ మొహం! నాకు కొత్తలో కూడా రెండే. మీ బావని కట్టుకున్నాక అదీ అక్కర్లేకపోయింది."

పక్కగదిలోంచి బావ దగ్గాడు.

రోజులు గడిచాయి. ఆ ఊరి భాష చిట్టికి నాలుగు ముక్కలు వచ్చింది, పిల్లలకి ఇంగ్లీషూ అంతే వచ్చింది. మిగతాది చేతులతోనూ కళ్ళతోనూ నడిపించారు. కొంగు బరువుకి భుజం లాగేస్తున్నా చిట్టి ముడి విప్పేది కాదు. ఆకాశం వైపు చూడడమే మానేసింది. కప్పు దాటి పైకి పోతే గాలి అందుకుంటుందట, ఇక ఏ దోటీ అందదట. ఎప్పుడో ఒక పిల్లాడు అలాగే వెళ్ళిపోయాడని, వాళ్ళమ్మ ఇప్పటికీ డాబా మీద పరుపు పరిచి ఉంచుతుందని అక్క చెప్పింది. చిట్టి రోజూ బడికెళ్ళే దారిలోనే ఆ డాబా.

క్లాసులో అందరికంటే భయస్థురాలు పిచ్చుక. ఆ పేరు పెట్టింది పిల్లలే. తల్లి లేదు, తండ్రి తాపీమేస్త్రి. పిచ్చుక గౌను అంచు నిండా ఇసుకే. నడుస్తుంటే అది మోకాళ్ళ కింద కొట్టుకుని కొట్టుకుని చర్మం దోక్కుపోయింది. ఇంగ్లీషు క్లాసుల చివరిరోజు పండగలా చేసి, పిల్లలందరి చేతా తలా మూడు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పిద్దామన్నారు. ముందురోజు పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాక్యాలు వల్లె వేయిస్తుంటే ఆ పుళ్ళు చిట్టి కంటపడ్డాయి. ప్రాణం ఉసూరుమంది. కత్తెర తీసి అంచు కుట్టు విప్పి, ఇసుకంతా కిటికీలోంచి పారబోసింది. రేపు షామియానా కిందేగా, లేచినా గుడ్డకి తగిలి ఆగుతుందిలే అనుకుంది.

మర్నాడు మైదానం నిండా జనం. ముందు వరసలో పిచ్చుక తండ్రి, కాళ్ళకి సిమెంటు ఇంకా ఆరనే లేదు. పిచ్చుక మైకు ముందుకొచ్చింది.

"ఐ లివ్ ఇన్ ఎ స్మాల్ హౌస్. ఇట్ హాజ్ ఎ రెడ్ డోర్."

ఆగింది. మూడో వాక్యం రాలేదు. చిట్టికి ఆ మౌనం బాగా తెలుసు. కింద ఎవరో దగ్గారు, ఎవరో పక్కవాళ్ళతో గుసగుసలాడారు. పిచ్చుక ఒక అడుగు వెనక్కి వేసింది. పాదాలు స్టేజీని వదిలాయి.

తాత దోటీతో పరిగెత్తుకొచ్చి కొక్కెం తగిలించాడు. ఉచ్చు పుటుక్కున తెగింది. పిల్ల షామియానా గుడ్డకి వీపు ఆనించి, దాని వాలు వెంట మెల్లగా జారుకుంటూ అంచు దాకా పోయింది. అంచు దాటింది. ఆ పైన ఏమీ లేదు.

తండ్రి లేచి, బెంచీలు తన్నుకుంటూ వెళ్ళి ఎగిరాడు. మళ్ళీ ఎగిరాడు. ఎంత ఎగిరినా దబ్బున నేల మీదికే వచ్చి పడ్డాడు. పెద్దవాళ్ళందరూ చేతులు చాచి అలా నిలబడిపోయారు, ఒక్కరి మడమ కూడా లేవలేదు.

ఇసుక తీసేసింది నేను. చిట్టికి ఆ ఒక్క మాటే వినిపిస్తోంది. కొంగు ముడి పళ్ళతో లాగి విప్పింది. ఇసుక జారిపోయింది. తాత ఆమె ఉద్దేశం కనిపెట్టి, షామియానా తాడొకటి ఊడదీసి ఆమె నడుముకి చుట్టాడు. అతను ముడి బిగించి, రెండో కొస పట్టుకునేలోపే ఆమె కాళ్ళు అతని తలకంటే పైకి లేచాయి.

ఇంత భయం ఆమె జన్మలో ఎరగదు. బడి కప్పు కిందికి పోయింది. పరుపు పరిచిన డాబా కిందికి పోయింది. అరవడానికి నోరు తెరిస్తే గాలి లోపలికి దూరింది. పిచ్చుక పాదం చెయ్యి చాస్తే అందేంత దూరంలోకి వచ్చింది, సరిగ్గా అప్పుడు నడుము దగ్గర తాడు బిగుసుకుంది. అక్కడితో తాడు అయిపోయింది.

"మిస్!" అంది పిచ్చుక. ఇంకా పైకి పోతోంది.

చిట్టి కళ్ళు మూసుకుంది. మూసుకునే ముడి విప్పేసింది.

పిల్ల మెడని వాటేసుకున్నాక గానీ కళ్ళు తెరవలేదు. ఇద్దరూ కలిసి ఇంకా లేస్తున్నారు. గాలి వాళ్ళని ఊరి అంచు వైపు తోస్తోంది. పిల్ల చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. చిట్టి వాటిని తన చంకల్లో పెట్టుకుంది.

"పొద్దున ఏమైనా తిన్నావా?" అంది, ఆ ఊరి భాషలో తనకొచ్చిన నాలుగు ముక్కలతో.

పిల్ల లేదన్నట్టు తలూపింది.

అయ్యో, ఖాళీ కడుపుతో ఇంతసేపా అనుకుంది చిట్టి. పైకి పోవడం ఆగింది.

పుళ్ళ మీద గౌను అతుక్కుపోయి ఉంది. దీనికి మందు రాయాలి. కొంచెం కిందికి దిగారు. ఆ తండ్రి కింద ఏమైపోతున్నాడో, అతనికి ఏం చెప్పాలి? ఇంకొంచెం. ముక్కు కారుతోంది, రాత్రికి జ్వరం వస్తుందేమో. రాత్రి దీన్ని కనిపెట్టుకుని ఎవరుంటారు? ఆయన పొద్దున్నే పనికి పోతే ఎవరు అన్నం పెడతారు? ఒక్కో ఆలోచన వచ్చినప్పుడల్లా కడుపులో ఏదో బరువుగా కూర్చుంటోంది, ఇళ్ళ కప్పులు దగ్గరవుతున్నాయి.

పిచ్చుక కిందికి వేలు చూపించింది. సన్నటి సందులో ఎర్రతలుపు.

"మై ఫాదర్ బిల్డ్స్ హౌసెస్," అంది, తనలో తాను చెప్పుకుంటున్నట్టు.

ఊరి చివర బురదమడిలో దిగారు. చెప్పులు ఎక్కడ జారిపోయాయో ఏమో, చిట్టి పాదాలు చీలమండల దాకా దిగబడ్డాయి. పిల్లని చంకనేసుకుని ఒక్కో కాలూ పీక్కుంటూ నడిచింది. దూరంగా తండ్రి పరిగెత్తుకొస్తున్నాడు, అతని వెనక సగం ఊరు.

"మిస్, కమ్ టుమారో?" అడిగింది పిచ్చుక ఆమె మెడలో మొహం దాచుకుని.

రేపు ఇంగ్లీషు క్లాసు లేదు. రేపు ఉన్నది విమానం. అన్నయ్య ఎయిర్‌పోర్టుకి వస్తానన్నాడు, హెడ్మాస్టరు ఎదురుచూస్తుంటాడు, వీసా ఎన్నాళ్ళుందో కూడా ఆమెకి సరిగ్గా తెలీదు.

"వస్తాను," అంది చిట్టి. కాలు ఇంకాస్త లోతుగా దిగబడింది.

మర్నాడు పొద్దున అక్క మంచం మీద నుంచి అరుస్తూనే ఉంది, బావ టికెట్టు వాళ్ళకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. చిట్టి ఒక డబ్బాలో అన్నం, ఇంకో డబ్బాలో మందు పెట్టుకుని బయల్దేరింది. పిచ్చుకని బడి దగ్గర దింపి పనికి వెళతానన్నాడు తండ్రి. దారిలో ఒకసారి తలెత్తి ఆకాశం వైపు చూసింది. భయం ఎక్కడికీ పోలేదు, నిన్నటంతే ఉంది.

గేటు దగ్గర తాత అలవాటుగా గరిటె నింపుకుని లేచాడు. జల్లించిన ఇసుక మీదుగా ఆమె నడిచొచ్చిన దారంతా పాదాల అచ్చులు, మడమల దగ్గర లోతుగా. తాత వాటిని చూశాడు. గరిటెలో ఇసుక మళ్ళీ బకెట్లో పోసేసి, గేటు తీశాడు.