గబ్బిలాలు మెచ్చిన జామ

కొండగట్టు అంజన్న గుడికి పోయి వస్తూ దారిలో ఇద్దరూ చెరో జామ మొక్క కొన్నారు. ముందు ఎంచుకున్నది అనసూర్యే. ఏపుగా ఉన్న ఎర్రజామ తను తీసుకుని, వంకర తిరిగిన తెల్లజామను పక్క క్వార్టర్ లీలాబాయికి వదిలేసింది.

ఇప్పుడు రెండూ కాపుకొచ్చాయి. పొద్దుగూకితే చాలు, పిడికెడంత గబ్బిలాలు గోడ అవతలి చెట్టు మీదే వాలుతున్నాయి. గబ్బిలం ముట్టిన చెట్టు పండు తీపని ఆ బొగ్గుగని కాలనీలో అందరికీ తెలుసు. జనమంతా కవర్లు పట్టుకుని లీలాబాయి వాకిట్లోకే పోతుంటే అనసూర్యకు కడుపు రగిలిపోయేది.

ఒకనాడు పొద్దున్నే తన చెట్టు కింద కొరికిన జామపండ్లు కనిపించాయి. ఆమె ఊడవలేదు. లీలాబాయిని కేకేసింది.

"చూసినవా చెల్లె, గబ్బిలాలు నా చెట్టుకు మరిగినయి. ఇగ మీదిక్కు రావేమో."

లీలాబాయి వంగి ఒక ముక్క తీసి తిప్పి చూసింది. లోపల తెల్లగా ఉంది.

"ఇవి మా పండ్లే అక్కా. గవి తెంపినకాడ తినయి, ఇంకో చెట్టు మీదికి తెచ్చుకొని తింటయి. నీ చెట్టు గుబురుగున్నది, కూసోనీకి మంచిగున్నట్టుంది" అని, కొంగులో తెచ్చిన రెండు పండ్లు ఆమె చేతిలో పెట్టి పోయింది.

అనసూర్య చీపురందుకుని, పొరుగు చెట్టు పిప్పంతా ఎత్తిపోసింది. వంటింటి తలుపేసుకుని, పుల్లగా ఉండాలని అంజన్నకు మొక్కి మరీ ఒక పండు కొరికింది.

అంజన్న వినలేదు. తిట్టుకుంటూనే రెండోది కూడా తినేసింది.