మూడు గడుల ప్రశ్న

ప్రశ్నపత్రం మీద పేరు రాయకూడదు. పేరుకు బదులు కోడ్: తల్లి పేరులో చివరి అక్షరం, పుట్టిన తేదీ, ఇంట్లో ఎన్నో సంతానం. ఆ పద్ధతి పరిశోధకురాలు పెట్టిందే. హైస్కూలు పిల్లల్లో సిగరెట్, మద్యం అలవాటు స్నేహాలతో పాటు ఎలా మారుతుందో మూడేళ్లు గమనించడం ఆమె పని. ఆరు నెలలకోసారి అవే ప్రశ్నలు. మొదటి పేజీలో ఒక వాక్యం: "మీరెవరో ఎవరికీ తెలియదు."

చీటీలు తీసి ఎంచిన తొమ్మిది బడుల్లో ఒకదానిలో ఆమె అక్క కూతురు చదువుతోంది. బంధువులున్న బడి పత్రాల కట్ట పరిశోధకులు విప్పకూడదన్న నియమం కూడా ఆమె రాసిందే. ఆ కట్ట చూడాల్సిన సహాయకురాలు సెలవు పెట్టిన వారం తనే విప్పింది. ఆ పిల్ల పత్రం ఎదురుపడితే చదవకుండా పక్కన పెట్టొచ్చులే అనుకుంది.

నూట నలభయ్యో పత్రం మీద ఆ పిల్ల కోడ్ ఎదురుపడింది. పక్కన పెట్టలేదు.

"మీరు నమ్మే పెద్దవారు ఎవరు?" అన్న చోట ఇలా ఉంది: "పిన్ని. ఈ ప్రశ్నలు రాసింది ఆవిడే. అందుకే నిజం చెబుతున్నా."

గత నెలలో సిగరెట్ తాగిన రోజులు: నాలుగు. ఎవరితో: స్నేహితురాలితో. దగ్గరి స్నేహితుల పేర్లలో మొదటి అక్షరం రాయడానికి మూడు గడులుంటాయి. ఒకటే నిండింది.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసింది.

"టపాకాయ సిగరెట్ తాగుతోందట. ఎవరో చూశారట."

"ఎవరే ఆ ఎవరో?"

"ఎవరైతే ఏంలే అక్కా. సావాసం కాస్త చూసుకో."

"వాళ్ల నాన్న పదేళ్లుగా మానేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఇదొకతి బయల్దేరిందా!"

నోరు మూతపడదని ఆ పిల్లకు ఇంట్లో పెట్టిన పేరు టపాకాయ. అక్క దాని బ్యాగు వెతికింది. ఫోన్ లాక్కుంది. బడికి వెళ్లి సెక్షన్ మార్పించింది.

ఆరు నెలలకు రెండో విడత పత్రాలు వచ్చాయి. సహాయకురాలు సెలవులో లేదు. అయినా కట్ట పరిశోధకురాలే విప్పి, కోడ్ వెతికి తీసింది. సిగరెట్: ఇరవై రోజులు. ఎవరితో: ఒక్కదాన్నే. మూడు గడులూ ఖాళీ. నమ్మే పెద్దవారి చోట అడ్డగీత.

ఆదివారం అక్క ఇంటికి వెళ్లింది.

"లోపలుంది. బడి నుంచి రాగానే తలుపేసుకుంటుంది," అంది అక్క. "ఆ సావాసం వదిలింది, అదే పదివేలు."

టపాకాయ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏంటి పిన్నీ, కొత్త ప్రశ్నలు తెచ్చావా?"

"నీ స్నేహితురాలు కనబడట్లేదేం?"

"దాని ఊసెత్తకు. ఆ సంగతి దానికొక్కదానికే తెలుసు. అదే వెళ్లి అమ్మకు మోసింది."

పరిశోధకురాలు అలవాటు మాన్పించే మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. అవి పనికిరావని అర్థమైంది. ఇప్పుడు నోరు మెదపకపోతే తన పేరు ఎప్పటికీ బయటికి రాదని కూడా అర్థమైంది.

"అది కాదు. నేను."

"నీకెలా తెలుసు?"

"నీ కాగితం చదివాను."

"ఎవరికీ తెలియదని రాశావుగా!"

"రాశాను."

"మరి ఎవరో చూశారని అమ్మ..."

"అబద్ధం. అదీ నేనే చెప్పాను."

పిల్ల మంచం దిగింది.

"క్లాసందరి ముందు దాన్ని తిట్టాను. ఒట్టేసి చెప్పింది పాపం. నమ్మలేదు."

"నన్ను క్షమించ..."

"నాకెందుకు? పద. దానికి చెప్పు."

ఆ ఇల్లు రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయడం లేదు. పిల్ల వెనక్కి చూడకుండా మెట్లెక్కుతోంది. ఆ పిల్ల బడి పత్రాలన్నీ లెక్కలోంచి తీసేయాలని, ఎందుకో కూడా, పరిశోధకురాలు రేపు తన పైనున్న ప్రొఫెసర్‌కు రాయాలి. ఆ తర్వాత ఈ పని తన చేతిలో ఉంటుందో లేదో. రెండో అంతస్తులో ఆమె ఆగి ఊపిరి తీసుకుంది.

తలుపు తీసిన అమ్మాయి టపాకాయను చూసి మళ్లీ మూయబోయింది. టపాకాయ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాతో మాట్లాడక్కర్లేదులేవే. ఈవిడ చెప్పేది విను చాలు."

పక్కకు జరిగి పరిశోధకురాలికి దారిచ్చింది.

"చెప్పు," అంది. పిన్నీ అనలేదు.