చదవకుండా పెట్టిన సంతకం

స్పానరక్క చిన్న విమానాల మెకానిక్కు. ఆ మైదానంలో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఆమె తమ్ముడు అక్కడే పైలట్‌గా ఉండేవాడు. మూడేళ్ళ కిందట ఒకరోజు నేల విడిచి రెండొందల అడుగులు లేచాడో లేదో, ఇంజిన్‌లో బలం చచ్చిపోయింది. రన్‌వే వైపు తిప్పబోయాడు. రెక్క వాలి విమానం కూలింది. మనిషి దక్కలేదు.

ఇంజిన్ తేడాగా ఉందని ముందురోజే అతను విమానం లోపాలు రాసే పుస్తకంలో రాశాడు, అక్కకు ఫోన్లో చెప్పాడు కూడా. విచారణ నాటికి ఆ కాగితం మాయం. విమానం యజమానిని వెనకాల అందరూ తెల్లబూట్లాయన అనేవారు. ఆయన అధికారుల ముందు చేతులు దులుపుకున్నాడు.

"ఇంజిన్‌కేం రోగం? తిన్నగా పోయి పొలంలో దింపాల్సింది. పిరికోడు, వెనక్కి తిప్పి చచ్చాడు."

ఆ మాట ఆమె గొంతులో ముల్లులా దిగబడింది. అయినా ఉద్యోగం మానలేదు. "తమ్ముణ్ణి మింగినోడి దగ్గరే పని చేస్తావా?" అని తల్లి తిట్టిపోస్తే, "పని కాదమ్మా, కాపు కాస్తున్నా" అని ఊరుకుంది.

అదను ఇన్నాళ్ళకు దొరికింది. ఒక ఉదయం ఆమె తెల్లబూట్లాయన కొనుక్కున్న కొత్త విమానం ఇంజిన్‌ను పరీక్షించింది. మెల్లగా తిరిగినంతసేపూ పిల్లిలా గురగురలాడింది. పూర్తి బలానికి తెచ్చిన అర నిమిషానికి దగ్గు మొదలెట్టింది. విప్పి చూస్తే పెట్రోలు వెళ్ళే రబ్బరు గొట్టం లోపల ఉబ్బి, దారి సగం పూడిపోయింది. సరిగ్గా నేల విడిచేటప్పుడే పీక నొక్కే జబ్బది.

'ఈ గొట్టం మార్చేదాకా ఎగరకూడదు' అని ఎర్ర సిరాతో రెండు కాగితాల మీద రాసింది.

"ఏమ్మా, అంతా బాగేనా?" అంటూ ఆయన వచ్చాడు.

"ఉన్నదంతా రాశానండీ. చదివి సంతకం పెట్టండి."

ఆయన ఏనాడూ చదివిన పాపాన పోలేదని ఆమెకు తెలుసు. ఆయన రెండింటి మీదా బరబరా గీకి పడేసి, తనే నడపడానికి విమానం ఎక్కాడు. ఆమె ఒక కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

అంతలో ఆయన కూతురు పరుగెత్తుకొచ్చి పక్క సీట్లో కూర్చుంది. కాలేజీ పిల్ల. స్పానరక్క గబగబా వెళ్ళి ఆ పక్క తలుపు తీసింది.

"దిగమ్మా."

"ఎందుకక్కా?"

"ఆ బెల్టు ఊడొస్తోంది. ఇవాళ వద్దు."

"రేపు తీసుకెళ్తాలే తల్లీ," అన్నాడు తండ్రి. ఆ పిల్ల మూతి ముడుచుకుని దిగింది.

విమానం లేచింది. చెట్ల ఎత్తు దాటగానే ఇంజిన్ దగ్గి, నీరసించింది. ఎదురుగా చదునైన బీడు ఉంది. తెల్లబూట్లాయన మాత్రం వెనక్కే తిప్పాడు. రెక్క వాలింది. విమానం గడ్డిలో పడి నుజ్జయింది. అందరికంటే ముందు పరుగెత్తి ఆయన్ని బయటికి లాగింది స్పానరక్కే. రెండు కాళ్ళూ విరిగాయి, ప్రాణం మిగిలింది.

ఆసుపత్రికి విచారణాధికారి వచ్చాడు. "మెకానిక్కు నాకేం చెప్పలేదు," అన్నాడు తెల్లబూట్లాయన. అక్కడే ఉన్న స్పానరక్క తను దాచిన కాగితం అధికారి ముందు పెట్టింది. సంతకం చూసి అధికారి తలెత్తాడు.

"పోనీ, ఎదురుగా బీడుండగా వెనక్కెందుకు తిప్పారు?"

"నువ్వు కూర్చుని చూడు, తెలుస్తుంది! ఇంజిన్ చచ్చాక ఎవడైనా వెనక్కే తిప్పుతాడు!"

"రాసుకోండి సార్," అంది స్పానరక్క. "అలాగే మా తమ్ముడి ఫైల్లో కూడా రాయండి."

తెల్లబూట్లాయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. పాత ఫైలు మళ్ళీ తెరిచారు. వారం తిరక్కుండా మైదానం ఆఫీసు గుమాస్తా నోరు విప్పి, ఆ కాగితాన్ని ఎవరు చింపించారో చెప్పేశాడు.

అధికారి వచ్చిన రోజే, ఆసుపత్రి గది బయట తెల్లబూట్లాయన కూతురు ఆమెకు అడ్డంగా నిలబడింది.

"బెల్టుకేం కాలేదు కదా?"

"కాలేదు."

"నాన్ననీ ఆపొచ్చుగా అక్కా?"

"ఆపొచ్చు."

ఆ పిల్ల చెయ్యెత్తింది. కొట్టలేక గోడకు ఆనుకుని కూలబడింది. స్పానరక్కకు ఆ పిల్ల మీద జాలేసింది. చేసినదానికి మాత్రం ఎంత వెతుక్కున్నా చింత దొరకలేదు. మెట్లు దిగి, తల్లికి చెప్పడానికి బస్సెక్కింది.